అంకె తగ్గితే సంబరపడే ఊరు

పాప టిఫిన్ డబ్బాలో ఇడ్లీ సర్దుతుండగా ఫోన్ ఒకసారి మోగి ఆగింది. పలాస స్టేషన్ రోడ్డులో మేం రక్తమిచ్చే ల్యాబు నుంచి రిపోర్టు వచ్చిందని తెలుసు. తెరవలేదు. ఫోన్‌ని గట్టు మీద బోర్లా పెట్టి, పాపకి బూట్లు తొడిగి, స్కూలు ఆటో ఎక్కించి, గేటు వేసి లోపలికి వచ్చాను. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాను. అప్పటికీ తెరవలేదు. పప్పు కడిగి కుక్కర్లో వేశాను. రెండు విజిళ్ళు వచ్చాక ఇక చేసేదేమీ లేక తెరిచాను.

ఆ కాగితంలో ఇరవై వరసలుంటాయి. నేను చూసేది ఒక్కటే. తెల్ల రక్తకణాలు. 2.1 అని ఉంది. పక్కన కిందికి చూస్తున్న బాణం. అంటే రెండు వేల ఒక వంద. ఉండాల్సింది కనీసం నాలుగు వేలు. కిందటి నెల 2.6. అంతకు ముందు నెల 2.8.

కుక్కర్ మూడో విజిల్ వేసింది, నాలుగోది కూడా. స్టవ్ కట్టేయాలని తెలుస్తూనే ఉంది. ఫోన్ పట్టుకుని కూర్చునే ఉన్నాను.

రొమ్ము క్యాన్సర్‌కి నా చివరి కీమో అయిపోయి అప్పటికి ఆరు నెలలు దాటింది. కీమో నడిచినన్నాళ్ళూ ఈ కణాలు పడిపోవడం, వాటిని లేపడానికి పొట్ట మీద సూది వేయడం, మళ్ళీ లేవడం మామూలే. చివరి సెలైన్ అయ్యాక నెలా రెండు నెలల్లో వాటంతటవే సర్దుకుంటాయన్నారు. నా పక్క కుర్చీలో సెలైన్ ఎక్కించుకున్నావిడకి సర్దుకున్నాయి. ఆవిడ నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దది. నావి సర్దుకోలేదు. విశాఖలో మా డాక్టరమ్మ ప్రతిసారీ "కొందరికి ఆలస్యమవుతుంది" అనేది. కిందటిసారి మాత్రం పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి, "ఇలాగే తగ్గుతూ పోతే ఒకసారి ఎముక మూలుగ తీసి పరీక్ష చేద్దాం. కణాలు తయారయ్యేది అక్కడే కదా. భయపడాల్సిందేం లేదు" అంది.

భయపడాల్సిందేం లేదు అన్న తరువాత ఆవిడ చెప్పినవేవీ నాకు వినిపించలేదు. తిరుగు రైల్లో మా ఆయన జంతికలు కొనిచ్చాడు. పొట్లం ఒళ్ళో పెట్టుకుని పలాస దాకా ఎముక అన్న మాటనే తిప్పి తిప్పి చూసుకున్నాను. జబ్బు ఎముకల్లోకి వెళ్ళిందా అని ఆవిణ్ణి అడగలేదు. అడిగితే జవాబు చెబుతారు కదా.

నాకు ముప్పై ఒకటి. మా పాపకి నాలుగు. భయం మొత్తం ఈ రెండో వాక్యంలోనే ఉంది.

కణాలు తక్కువగా ఉన్నవాళ్ళకి పైకి ఏమీ కనిపించదు. నొప్పి ఉండదు. అద్దంలో నేను బాగానే ఉంటాను, బోడితల మీద వేలెడు జుత్తు రింగులు తిరిగి వచ్చింది. తెలిసేదల్లా థర్మామీటరులోనే. వంద పాయింట్ నాలుగు దాటితే మాత్ర వేసుకుని పడుకోకూడదు, తెల్లవారేదాకా చూద్దామనుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి అన్నారు. రోజుకి రెండుసార్లు చూసుకోమన్నారు. నేను ఎనిమిదిసార్లు చూసుకునేదాన్ని. మా పాప తన బొమ్మ చంకలో ఐస్‌క్రీం పుల్ల పెట్టి, కాసేపు ఆగి తీసి, కళ్ళు చికిలించి చూసి, "వంద లేదులే, ఆడుకో" అని చెప్పేది.

ముద్దులకీ మాకొక ఏర్పాటు ఉండేది. స్కూల్లో ఎప్పుడూ ఎవరికో ఒకరికి జలుబే కాబట్టి, ముఖం మీద ముద్దు వద్దన్నాను. బేరమాడి బేరమాడి మోచేతి మీద అని ఒప్పుకుంది. బడి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కుని, నా చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి మీద ముద్దు పెట్టి వెళ్ళిపోయేది. సంతకం పెట్టినట్టు.

ఆ గురువారం, పప్పు మాడిన వాసనలో కూర్చునుండగా అమ్మ ఫోన్ చేసింది.

అమ్మది ఉద్దానంలో, సముద్రానికి బాగా దగ్గరగా ఉన్న ఊరు. కొబ్బరి, జీడి, పనస. నాన్న కిడ్నీ జబ్బుతో పోయి మూడేళ్ళయింది. అది ఒక్క మా ఇంటి సంగతి కాదు. మా వీధిలో ఆ జబ్బు అడుగుపెట్టని ఇల్లు వెతకాలి. వైద్య శిబిరాలు వస్తాయి, అందరూ వరసలో నిలబడి చెయ్యి చాపుతారు, వారానికి కాగితాలొస్తాయి. చదువురాని ఆడవాళ్ళు కూడా ఆ కాగితంలో ఏ వరస చూడాలో చెప్పగలరు, కిడ్నీ చెడేకొద్దీ పెరిగే క్రియాటినిన్‌ది. కొళాయి దగ్గర బిందెలు నిండేలోపు "నీకెంత?" "నాకు ఒకటి పాయింట్ రెండు" "మా ఆయనకి మూడు దాటినాది" అని అడిగి తెలుసుకుంటారు. అమ్మ మూడో తరగతితో బడి మానేసింది. చుక్క తరువాత అంకె ఎలా చదవాలో నాన్న రిపోర్టుల్లోనే నేర్చుకుంది. నాన్న అంకె రెండుతో మొదలైంది. నాలుగు దాటిన రోజు అమ్మ అన్నం తినలేదు. ఏడు, తొమ్మిది, పదకొండు. డయాలసిస్ తరువాత కాస్త దిగేది, అప్పుడు అమ్మ ఊరికి వెళ్తూ దారిలో పలాసలో మా ఇంటి దగ్గర ఆగి, "ఇయ్యాల తగ్గినాదే" అని గుమ్మంలోనే చెప్పేది. ఆ ఊళ్ళో ఎవరికైనా అంకె తగ్గిందంటే పక్కింటివాళ్ళు కూడా నవ్వుతారు.

"ఏటే, రగతం రిపోర్టు వచ్చినాదా?" అంది అమ్మ.

"వచ్చిందమ్మా."

"ఎంతొచ్చింది?"

"రెండు పాయింట్ ఒకటి."

"కిందటి నెలెంత?"

"రెండు పాయింట్ ఆరు."

అవతల లెక్క చూసుకుంటున్నట్టుంది.

"ఓలమ్మ! తగ్గినాదా! నా తల్లే, నా బంగారమే! నాను సెప్పలేదేటే, అమ్మోరు సూత్తాది అని? ఆరు నుంచి ఒకటికి దిగినాదంటే మాటలేటి! ఒసే ఒదినా, ఇటు రాయే, మా గుంటకి తగ్గినాదంట!"

నేను నోరు తెరిచాను. అమ్మా, నాది వేరు, నాది తగ్గకూడదు అని చెప్పాలి. ఎన్నిసార్లు చెప్పాను అంతకుముందు? కీమో రోజుల్లో చెప్పాను, మా ఆయన చెప్పాడు. అమ్మ తల ఊపింది. కానీ ఆమె దృష్టిలో రక్త పరీక్ష అంటే ఒకటే, అంకె ఒకటే, అది పోవాల్సిన వైపు ఒకటే. అమ్మ ఒదినా అని పిలిచే పక్కింటావిడ గొంతు వినిపిస్తోంది, ఇంకెవరో నవ్వుతున్నారు. నాన్న పోయాక అమ్మ గొంతులో ఆ సంతోషం నేను వినలేదు. నా జబ్బు సంగతి తెలిశాక అసలే లేదు. ఈ లోకంలో నా రిపోర్టు చూసి సంతోషించినవాళ్ళు ఒక్కరున్నారు, ఉండనీ అనుకున్నాను. ఊఁ అన్నాను. అంతే. ఆ ఊఁ అన్నది నేనే.

సాయంత్రం మా ఆయన జీడి ఫ్యాక్టరీ నుంచి వచ్చాడు. ఆయన అక్కడ పప్పు గ్రేడింగు చూస్తాడు. మేనత్త కొడుకు, బావ అనే పిలుస్తాను. నా కోసం గుమ్మంలోనే బట్టలు మార్చుకుని, స్నానం చేసి గాని లోపలికి రాడు. జీడి పిక్కలు కాల్చిన పొగ వాసన స్నానం చేసినా పోదు. ఫోన్లో రిపోర్టు చూశాడు. తరువాత, "అత్త ఫోన్ చేసింది. చాలా సంబరంగా ఉంది. ఏం చెప్పావు?" అన్నాడు.

"ఏమీ చెప్పలేదు బావా."

"చెప్పాల్సింది."

"రేపు చెబుతాను."

శుక్రవారం చెప్పలేదు. శనివారం అమ్మే ఫోన్ చేసి, "రోజూ దీపం పెడతన్నానే. ఆదివారం వత్తన్నాం" అంది. వస్తున్నాం అన్న మాట నేను పట్టించుకోలేదు. అమ్మ ఒక్కతే అనుకున్నాను.

ఆదివారం పదకొండింటికి గేటు ముందు ఆటో ఆగింది. అమ్మ దిగింది, ఒళ్ళో కుండతో. వెనక మా వదిన, ఆమె చంకలో ఏడాది పిల్ల. తరువాత పక్కింటావిడ, ఎదురింటావిడ, ఇంకో ముగ్గురు. ఆటో పైన పనసకాయ కట్టుంది. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. గదిలో ఒక మూల మాస్కు వేసుకుని నిలబడ్డాను. కిటికీలన్నీ అప్పటికే తెరిచే ఉన్నాయి. ఇంకేం తెరవాలో తెలియలేదు.

"ఓలమ్మ, జుత్తు సూడండర్రా, రింగులు రింగులుగా ఎలా వచ్చినాదో!" అంది పక్కింటావిడ.

"మాకు పార్లర్లో కూర్చున్నా రాదీ వంకీ," అంది వదిన. "మరదలా, ఆ మందేదో నాకూ రాయించి పెట్టు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మాస్కు లోపల.

మా ఆయన కుర్చీలు వేస్తూ, వేస్తూ ఆగి, "అత్తా, డాక్టరుగారు దాన్ని జనంలో ఉండొద్దన్నారు" అన్నాడు.

"జనమేటి నాయినా? మేం జనమేటి? సుట్టాలం," అంది అమ్మ. "తగ్గినాది కదా, ఇంకేటి భయం? ఇలా రాయే, ఈ ముక్కుగుడ్డ తీసీ ముందు. మొకం సూడనీ."

తనే చెయ్యి చాపి, చెవుల మీది నుంచి దారం తీసేసింది. నా గడ్డం పట్టుకుని చూసింది. ఆమె అరచేయి గరుకు, చిన్నప్పుడు జీడి సొన అంటి కాలిన మచ్చలు వేళ్ళ మీద నల్లగా. ఆ చెయ్యిని నా ముఖం మీద అలాగే ఉండనిచ్చాను. అంత మంచిగా ఉంది. ఒక్కో గోటి కింద ఏముందో అని ఆలోచిస్తున్నాను కూడా. రెండూ ఒకేసారి.

కుండలో పసుపు నీళ్ళు, వేపాకు. మావైపు ముర్రాట అంటారు, మొక్కు తీరితే అమ్మవారికి పోస్తారు. పొద్దున్నే ఊరి చివర అమ్మవారి దగ్గర పోసి, మిగిలిన నీళ్ళు నా కోసం తెచ్చింది. వేపమండతో నా తల మీద చల్లింది. తరువాత దోసిలి పట్టమంది.

"కొంచెం తాగు."

కాచని నీళ్ళు. ఎండలో ఆటోలో గంట సేపు ఊగిన నీళ్ళు. మా ఊరి నీళ్ళు, నాన్నని అవే తిన్నాయేమోనని అందరూ అనుమానించే నీళ్ళు. నేను ఆరు నెలలుగా కాచి చల్లార్చి వడకట్టిన నీళ్ళే తాగుతున్నాను. మా ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు, చాలా కొద్దిగా.

ఏడుగురు ఆడవాళ్ళు నా నోటి వైపు చూస్తున్నారు. అమ్మ కళ్ళు తడిగా ఉన్నాయి.

తాగాను.

వాళ్ళు మూడింటికి వెళ్ళారు. అంతసేపూ వదిన చంకలో పిల్ల ముక్కు కారుతూనే ఉంది. మా పాప దాన్ని ఒళ్ళో కూర్చోపెట్టుకుని, తన గౌను అంచుతో ముక్కు తుడిచి, పనస తొన గింజ తీసి నోటికందించింది. మిగిలిన సగం తను తింది. నేను దూరం నుంచి చూశాను. వద్దమ్మా అని అరిచాను గాని నవ్వుల్లో ఎవరికీ వినబడలేదు. వాళ్ళు వెళ్ళాక నేల రెండుసార్లు ఫినాయిలుతో తుడిచాను. తలుపు గొళ్ళేలు తుడిచాను. నాలిక మీద పసుపు చేదు పోలేదు. పుక్కిలించాను, పళ్ళు తోముకున్నాను, మళ్ళీ పుక్కిలించాను. కడుపులోకి వెళ్ళినదాన్ని ఏం చేస్తాను? తొంభై ఎనిమిది పాయింట్ ఆరు. గంట తరువాత తొంభై ఎనిమిది పాయింట్ ఏడు. ఆ ఒక్క గీత తేడాకి మళ్ళీ పెట్టుకుని చూశాను.

సోమవారం ఏమీ కాలేదు. మంగళవారం మధ్యాహ్నం స్కూలు నుంచి ఫోన్. మా పాప ఒళ్ళు కాలిపోతోంది, తీసుకెళ్ళమని.

మా ఆయన వెళ్ళి తెచ్చాడు. నూట రెండు. పిల్లల డాక్టరుకి చూపించి మందులు తెచ్చి, పాపని లోపలి గదిలో పడుకోబెట్టాడు. నన్ను ముందుగదిలో ఉండమన్నాడు. ఆయన చెప్పకపోయినా నాకు తెలుసు. మధ్యలో తలుపు. పాప తలుపు అవతలి నుంచి, "అమ్మా, మోచేతి ముద్దు పెట్టుకోవచ్చా?" అంది. ఈరోజు వద్దు బంగారం అన్నాను. "ఒక్కటే. చిన్నది." ఈరోజు వద్దు అన్నాను. ఏడవడం మొదలుపెట్టింది. జ్వరంలో పిల్లల ఏడుపు వేరుగా ఉంటుంది, కోపం ఉండదు, నీరసంగా సాగుతుంది. నేను తలుపుకి వీపు ఆనించి కింద కూర్చుని, తనకిష్టమైన రైలు కథ చెప్పడం మొదలుపెట్టాను. పలాస నుంచి బయల్దేరిన రైలు ఏ స్టేషన్లో ఏం తిందో చెప్పే కథ. ఆ రోజు రైలు ఎక్కడా ఆగలేదు. ఆపితే ఏడుస్తుందని.

మర్నాడు ఆయనకి సెలవు దొరకలేదు. అమ్మని పిలిపించాడు. అమ్మ వచ్చి, చెప్పులు విడిచి, ముందుగదిలో మాస్కుతో కూర్చున్న నన్ను, లోపల ఏడుస్తున్న పిల్లని చూసింది.

"అదేటే? గుంట అలాగ ఏడత్తంటే నువ్విక్కడ కూకున్నావా? ఎత్తుకోవేటి?"

"నేను దగ్గరికి వెళ్ళకూడదమ్మా."

"ఎవులు సెప్పినారు? నీకు తగ్గిపోనాది కదా! కన్నతల్లివి కాదేటి నువ్వు?"

విసురుగా లోపలికి వెళ్ళి పాపని ఒళ్ళోకి తీసుకుంది. తలుపు ఓరగా తెరిచే ఉంది. పాప తల అమ్మ భుజం మీద, కళ్ళు నా మీద. అప్పుడు చెప్పాను. వారం ముందు చెప్పాల్సిన మాట, తలుపు సందులోంచి.

"అమ్మా, నాది తగ్గకూడదు. నాన్నది తగ్గాలి. నాది పెరగాలి. అవి వేరే కణాలమ్మా, జబ్బు లోపలికి రాకుండా కాపలా కాసేవి. అవి నాకు సగమే ఉన్నాయి. ఇంకా తగ్గుతున్నాయి. ఎవరికి జలుబు చేసినా అది నాకు వస్తే ఆగదు."

అమ్మ నా వైపు కోపంగానే చూసింది.

"పెరగడమేటే? పెరిగినోళ్ళెవులైనా బతికినారా?"

"నాది అలా కాదమ్మా."

"రెండు పాయింట్ ఒకటి అన్నావు. తగ్గినాదంటే ఊఁ అన్నావు."

"అన్నాను."

పాప వీపు నిమురుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. తరువాత వచ్చిన గొంతు నాకు తెలిసిన గొంతు కాదు.

"మరి నాను రోజూ దీపం పెట్టి ఇంకా తగ్గించమని మొక్కినానే. ఆదివారం ముర్రాట పోసినప్పుడూ అదే అడిగినాను. ఒకటికి దింపీ తల్లీ, ఒకటికి దింపీ అని."

నేను కాలేజీలో సైన్సు చదివాను. మొక్కుకీ మూలుగకీ సంబంధం లేదని తెలుసు. అయినా ఆ మాట వినగానే నా ఒళ్ళంతా జలదరించింది. నాకోసం ఇంత గట్టిగా ఎవరూ ఏదీ అడిగి ఉండరు, అడిగింది ఇది. జలదరింపు అనుకున్నాను. ఆగలేదు. పళ్ళు టకటకమంటున్నాయి. థర్మామీటరు పెట్టుకున్నాను. అమ్మ తలుపు సందులోంచి చూస్తోంది.

నూరు పాయింట్ ఎనిమిది.

మా ఆయనకి ఫోన్ చేశాను. విశాఖకి ఫోన్ చేశాను. అంత దూరం రావద్దు, ముందు దగ్గర్లో మొదటి మందు రక్తంలోకి వెళ్ళాలి, ఆలస్యం చేయొద్దు అంది డాక్టరమ్మ. టెక్కలి ఆసుపత్రికి వెళ్ళమంది, అక్కడి డాక్టరుతో తను మాట్లాడతానంది. సంచి నాలుగు నెలలుగా సర్దే ఉంది. రిపోర్టులు, రెండు జతల బట్టలు, గ్లాసు, ఛార్జరు. మా ఆయన కారు మాట్లాడుకుని వచ్చాడు. సంచి పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి అమ్మ పాపని ఎత్తుకుని పెరటి గుమ్మం దాకా వెళ్ళిపోయి నిలబడింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పాప ముఖాన్ని కూడా కొంగుతో కప్పింది. నా దగ్గరికి రాలేదు. వస్తుందేమోనని ఒక్క క్షణం ఎదురుచూశాను, రాకూడదని కూడా అనుకున్నాను. కారు కదిలేదాకా అక్కడే నిలబడింది.

హైవే మీద ఎండ. కారు కిటికీలోంచి జీడి తోటలు, తుఫానుకి కూలి మళ్ళీ చిగిర్చినవి. చలికి వణుకుతూ చూశాను. మా ఆయన నా చెయ్యి పట్టుకోలేదు, పట్టుకోవచ్చా అని అడిగాడు. పట్టుకోమన్నాను.

టెక్కలిలో నాలుగు రోజులున్నాను. మొదటిరోజు తీసిన రక్తంలో అంకె 1.7. నర్సు పైకే చదివింది. ఒకటితో మొదలైంది. అమ్మ అడిగిన అంకెకి చేరుకున్నాను. ఆ మాట మా ఆయనతో చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

నీళ్ళ వల్లా, వదిన పిల్ల జలుబు వల్లా, మా పాప వల్లా, లేక ఏమీ కాకుండానే వచ్చిందా అని డాక్టరుని అడిగాను. ఆయన యువకుడు. "తెలియదమ్మా. తెలిసినా వైద్యం ఒకటే," అన్నాడు. ఆరు గంటలకోసారి సెలైన్లో మందు. మొదటి రాత్రి జ్వరం నూట రెండు దాటింది. గోడమీద గడియారం లేదు. పక్కమంచం మీదావిడ దగ్గినప్పుడల్లా ఊపిరి బిగబట్టేదాన్ని, ఎంతసేపు బిగబట్టగలను? నేను చనిపోతే పాపకి గుర్తుండేది ఏమిటని లెక్కపెట్టుకున్నాను. తలుపు. తలుపు వెనక రైలు కథ. అది చాలదు అనుకున్నాను. అంతకంటే ఎక్కువ ఏదైనా ఇచ్చి ఉండాల్సింది.

రెండో రోజు సాయంత్రం జ్వరం వందకి దిగింది. మూడో రోజు లేదు. ఇంట్లో పాపకి అప్పటికే తగ్గి, అమ్మమ్మ చేత బొమ్మకి సూదులు వేయిస్తోందట.

ఇంటికి వచ్చాక అమ్మ వెళ్ళిపోయింది. ఉండమన్నా ఉండలేదు. మాస్కు వేసుకుని, గదికి అవతలి గోడ దగ్గర నిలబడి వెళ్ళొత్తాను అంది. మొక్కు సంగతి నేను ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. రెండు రోజుల తరువాత వదిన ఫోన్లో చెప్పింది. "అత్తయ్య మళ్ళీ ముర్రాట పట్టుకుని అమ్మోరి దగ్గరికి ఎల్లినాది. పొరపాటున అడిగినాను, తిరగేసి వినుకో అని సెప్పిందంట. పూజారి నవ్వితే ఆయన మీద లేచిపోనాదంట." వదిన నవ్వుతూనే చెప్పింది. తరువాత గొంతు తగ్గించి, "ఆరోజు మా గుంటకి జలుబని నాకు తెలుసు మరదలా. సెప్తే రావద్దంటారని సెప్పలేదు," అంది. నేనూ ఒకటి చెప్పలేదులే వదినా అన్నాను.

మూడు వారాలకి మళ్ళీ పరీక్ష. ఆ మూడు వారాలు నేను ఎలా ఉన్నానో రాయడం కష్టం. ఇంకా తగ్గితే మూలుగ. మూలుగలో ఏముంటుందో. పాప నిద్రపోయాక దాని పాదాలు చూస్తూ కూర్చునేదాన్ని, పాదాలు జలుబు అంటించవు. రాయడం మొదలుపెట్టింది అప్పుడే. తలుపు కన్నా ఎక్కువ ఏదైనా ఇవ్వాలి కదా.

రిపోర్టు వచ్చిన పొద్దున్న ఈసారి ఫోన్ బోర్లా పెట్టలేదు. 2.5.

విశాఖకి పంపితే డాక్టరమ్మ ఫోన్ చేసి, "పర్వాలేదు, లేస్తోంది. మూలుగ పరీక్ష ఇప్పటికి ఆపుదాం. నెల తరువాత మళ్ళీ చూద్దాం" అంది. ఇప్పటికి అన్న మాట మీద నేను ఆగిపోయాను. ఆవిడ గమనించి, "పెరిగింది కదమ్మా" అంది.

అమ్మ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది. చేశాను.

"ఎంతొచ్చింది?"

"రెండు పాయింట్ ఐదు."

అవతల ఒదినా ఇటు రాయే అని కేక లేదు.

"పెరిగినాదా?" అంది, చాలా నెమ్మదిగా, ఎవరైనా వింటారేమోనన్నట్టు.

"పెరిగిందమ్మా."

"ఆ మాటింటే నా గుండె దడదడలాడతందే. మీ నాన్నకి..." ఆగింది. "సరిగ్గా సూసినావా? పెరిగితేనే మంచిదా? మీ ఆయన్నొకసారి సెప్పమను."

ఫోన్ మా ఆయనకిచ్చాను. "మంచిదే అత్తా" అని మళ్ళీ నాకిచ్చాడు.

"ఎంత దాకా పెరగాలే?"

"నాలుగు."

నాన్న అంకె నాలుగు దాటిన రోజు ఆమె అన్నం తినలేదు. ఆ సంగతి తనకీ గుర్తొచ్చిందని నాకు తెలుసు, నాకు గుర్తొచ్చిందని తనకీ తెలుసు.

"నాలుగు," అంది చివరికి. "సర్లే. నాలుగని అడుగుతాను. ఈసారి నీ ఎదరే అడుగుతాను, తప్పయితే నువ్వు దిద్దు."

ఫోన్ పెట్టకుండానే అడగడం మొదలుపెట్టింది. నాలుగు తల్లీ, నాలుగు, పైకి, కిందికి కాదు, పైకి. నేను వింటూ దిద్దడానికి సిద్ధంగా కూర్చున్నాను. రెండో చేత్తో థర్మామీటరు చంకలో సర్దుకున్నాను.